పదహారు పళ్ళ చక్రం

కొత్త డ్రైవరమ్మ వ్యాను షాపు ముందు ఆపి, కిందికి దిగకుండానే గొడవ మొదలుపెట్టింది.

"ఈ బండి మీటరు బాగుచేసిన మేస్త్రీ ఎవరండీ?"

మీటరు మేస్త్రీ బల్ల మీద ఒక పాత మీటరు విప్పుకుని, అంకెల చక్రాల మధ్య పేరుకున్న దుమ్మును సన్నటి కుంచెతో తుడుస్తున్నాడు. తలెత్తలేదు. పాతికేళ్ళుగా ఆ ప్రశ్న వింటూనే ఉన్నాడు. అడిగేవాళ్ళలో సగం మంది పొగడడానికొస్తారు, సగం మంది దులిపెయ్యడానికొస్తారు. ఈ గొంతు రెండో రకం.

"నేనే. ఏం చేసిందేమిటి మీటరు?"

"ఏం చేసిందా! మా ల్యాబు నుంచి శాంపిళ్ళు తేవడానికెళ్ళే బ్రాంచి నలభై ఎనిమిది కిలోమీటర్లు. నా ఫోను అంతే అంటోంది. రోడ్డు పక్కన రాళ్ళూ అంతే అంటున్నాయి. మీ మీటరొక్కటే యాభై ఒకటి అంటోంది. రానూపోనూ ఆరు ఎక్కువ. ఆ ఆరూ ఎవరింటికెళ్ళొచ్చావని మా మేనేజరు నన్నడుగుతున్నాడు. చేరి నెల కాలేదు, అప్పుడే నాకు లేని చుట్టాల్ని అంటగడుతున్నాడు. నేనైతే పడను బాబూ. ముందు మీటరు సంగతి తేల్చండి."

మేస్త్రీ అప్పుడు తలెత్తి చూశాడు. తెల్ల వ్యాను, వెనక తలుపు మీద చిన్న సొట్ట. లోపల డాష్‌బోర్డు మీద ఎప్పుడూ నాలుగు మడతలు పెట్టి ఉండే పసుపుగుడ్డ మాత్రం లేదు.

"ఇది మా బావ బండి కదా! ఆయనేడీ?"

"పాతాయనా? తీసేశారుగా. నెల దాటింది. ఆయన కూడా రోజూ ఆరు కిలోమీటర్లు ఎక్కడికో తిరిగొచ్చేవాడట. దొరికిపోయాడట."

మేస్త్రీ కుంచె బల్ల మీద పెట్టాడు. ఆ పెద్దాయన నిజంగా బావేమీ కాదు. పదకొండేళ్ళ కింద మొదటిసారి షాపుకొచ్చినప్పుడు, ఏదో పరాచికానికి 'బావా' అంటే ఆయన కోప్పడలేదు. అప్పట్నుంచి అదే వరస స్థిరపడిపోయింది.

చక్రాల బల్ల మీద వెల్లకిలా పడుకుని వ్యాను కిందికి జరిగాడు. గేరుబాక్సు పక్కన మీటరు కేబులు బిగించి ఉండే చోటు చీకట్లో కూడా అతని చేతికి తెలుసు. మర వదులు చేసి కేబులు లాగాడు. దాని వెనకే బొటనవేలంత తెల్లటి పళ్ళ చక్రం ఒకటి గ్రీజుతో జిడ్డోడుతూ బయటికొచ్చింది. బండి ఎంత నడిచిందో మీటరుకి చేరవేసేది అదే. అంగీ అంచుకి తుడిచి, బొటనవేలి గోరు ఒక్కో పన్ను మీద ఆనిస్తూ లెక్కపెట్టాడు. పదహారు. మళ్ళీ లెక్కపెట్టాడు. పదహారే.

ఆ బండికి ఉండాల్సినవి పదిహేడు.

రెండు నెలల కిందటి ఆ వానరోజు అతనికి మొత్తం గుర్తొచ్చింది. పాత చక్రం అరిగిపోయింది. పదిహేడు పళ్ళది దగ్గర లేదు, తెప్పించడానికి వారం పడుతుందన్నారు. మధ్యాహ్నంలోగా శాంపిళ్ళు చేరాలని బావ తొందరపడుతున్నాడు. డబ్బాలో పదహారు పళ్ళది కనిపించింది. ఒక్క పన్నే కదా, వచ్చేవారం మారుద్దాంలే అనుకుని బిగించేశాడు. ఏ మీటరు బాగుచేసినా బైపాసు రోడ్డు మీద పది రాళ్ళ దూరం నడిపి, రాయికీ అంకెకీ సరిపోయిందని చూసుకుంటే తప్ప బండి పంపడు. ఆ రోజు వాన పేరు చెప్పి అదీ ఎగ్గొట్టాడు.

"దొరికిందా?" పైనుంచి డ్రైవరమ్మ అడిగింది.

"దొరికింది."

"ఏమిటట?"

మేస్త్రీ బయటికి జరిగి, లేచి, బల్ల సొరుగు లాగాడు. మరలూ, వైరు ముక్కలూ, ఎండిపోయిన జిగురు సీసా. అన్నిటికింద చిన్న కాగితం పొట్లం. దాని మీద పెన్సిలుతో బావ బండి నంబరు, తన చేతిరాతే. అనుకున్నట్టే వారానికల్లా వచ్చిన పదిహేడు పళ్ళ చక్రం. వచ్చిననాడు సొరుగులో పడేసి, ఇంక దాని ఊసే ఎత్తలేదు.

దాన్ని బిగించి, బైపాసు దాకా తనే పక్కన కూర్చుని వెళ్ళాడు. పదో రాయి దగ్గర మీటరు సరిగ్గా పది చూపించింది. డ్రైవరమ్మ మొహం విప్పారింది.

"చూశారా, నేను చెప్పలేదూ! మరి ఆ పెద్దాయన నోరు మూసుకుని ఎందుకు పోయాడండీ? ఒక్కసారి మీ దగ్గరికొచ్చి అడిగితే సరిపోయేది కదా."

"వచ్చాడమ్మా," అన్నాడు మేస్త్రీ.

డ్రైవరమ్మ ఒకసారి అతని వైపు చూసి, ఇంకేమీ అడగకుండా బండి వెనక్కి తిప్పింది.

బావ వచ్చాడు. మీటరు బాగుచేసిన రెండు వారాలకు వచ్చి, బల్ల మీద రెండు చేతులూ ఆనించి, "మేస్త్రీ, ఒకసారి మీటరు చూస్తావా? ఎక్కువ చూపిస్తోందేమోనని అనుమానంగా ఉంది," అన్నాడు. అప్పుడు మేస్త్రీ చేతిలో ఏదో బస్సు మీటరుంది. ఆ బస్సువాళ్ళు బయట నిలబడి ప్రాణం తోడేస్తున్నారు. తలెత్తకుండానే అన్నాడు: "నా చెయ్యి పడ్డాక మీటరు తప్పు చెప్పడమా? తేడా మీటర్లో లేదు బావా, నీలో ఉంది. వయసు మీదపడి దారి మర్చిపోయి ఎక్కడెక్కడో తిరుగుతున్నట్టున్నావు!"

బయటున్న బస్సువాళ్ళు కూడా నవ్వారు. బావ కూడా నవ్వాడు. నవ్వి, కాసేపు అక్కడే నిలబడి, బల్ల మీద పడి ఉన్న ఒక మరను వేలితో అటూ ఇటూ దొర్లించి వెళ్ళిపోయాడు. ఆ దొర్లించడం ఇప్పుడు గుర్తొస్తోంది మేస్త్రీకి. అప్పుడు చూసి కూడా చూడలేదు.

మర్నాడు పొద్దున్నే షాపు తెరవకుండా ల్యాబుకి వెళ్ళాడు. చొక్కా జేబులో పదహారు పళ్ళ చక్రం ఉంది. దారి పొడుగునా దాన్ని తడుముకుంటూనే ఉన్నాడు. తిట్లు పడతాయని తెలుసు. పడాల్సినవే అని కూడా తెలుసు. ఎలాగైనా బావ ఉద్యోగం బావకి వస్తే చాలనుకున్నాడు.

మేనేజరు గది ల్యాబు వెనకాల ఉంది. గోడ పక్కన మంచు డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, నేలంతా చెమ్మగా ఉంది. మేనేజరు చెడ్డవాడేం కాదు. పెన్నులు కూడా ఎత్తుల వారీగా పెట్టుకునే రకం. మేస్త్రీ చక్రం బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. మేనేజరు మధ్యలో అడ్డురాకుండా విన్నాడు.

"మీరు చెప్పింది నమ్ముతాను. కానీ ఒక చిక్కుంది. ఆయనే ఒప్పుకున్నాడు కదండీ."

"ఏం ఒప్పుకున్నాడు?"

"సొంత పనుల మీద తిరిగానని. నిజం చెప్పాలంటే మీటరు సంగతి ముందు ఎత్తింది నేనే. మీటరు పాడైందేమో అన్నాను. ఆయనేమన్నాడో తెలుసా? 'అది మా మేస్త్రీ బాగుచేసిన మీటరు సార్, అందులో తేడా రాదు. నేనే తిరిగాను,' అన్నాడు. ఎక్కడికి అంటే చెప్పడు. తల వంచుకుని నిలబడ్డాడు. నన్నేం చెయ్యమంటారు?"

మేనేజరు ఫైలు తీసి రెండు కాగితాలు అతని ముందుకు జరిపాడు.

"పైగా టైము చూడండి. ఆ మీటరు బాగుచేయించిన రోజు నుంచీ వ్యాను ఆరేసి నిమిషాలు ఆలస్యంగా వస్తోంది. ఆరు కిలోమీటర్లు, ఆరు నిమిషాలు. మధ్యలో ఎక్కడికో వెళ్ళొస్తున్నాడనడానికి ఇంకేం కావాలి?"

"ఆయన ముల్లు అరవై మీద పెట్టి నడుపుతాడు సార్. ఒక్క గీత అటూ ఇటూ కానివ్వడు," అన్నాడు మేస్త్రీ. "ఒక పన్ను తక్కువ కాబట్టి ఈ చక్రం ముందే చుట్టు తిరిగేస్తుంది, కేబుల్ని ఉండాల్సిన దానికంటే జోరుగా తిప్పుతుంది. దూరమే కాదు, వేగం కూడా ఎక్కువే చూపిస్తుంది. ముల్లు అరవై అంటుంటే బండి నిజంగా పోయేది యాభై ఆరు, యాభై ఏడు. ఆ ఆరు నిమిషాలు అందుకే. గడియారం తప్పు చెప్పలేదు, మీటరే తప్పు చెప్పింది. రెండూ ఒకే మాట చెప్తున్నట్టు కనపడ్డాయంతే."

మేనేజరు పెన్ను తిప్పడం మానేశాడు.

"డీజిలు చూశారా?" అని అడిగాడు మేస్త్రీ. "రోజూ ఆరు కిలోమీటర్లు ఎక్కువ తిరిగితే డీజిలు కూడా ఎక్కువ తాగాలి కదా?"

కాగితాలు వెనక్కి తిరిగాయి. మేనేజరు వేలు ఒక వరస వెంట కిందిదాకా నడిచి ఆగిపోయింది. మళ్ళీ పైనుంచి చూసి అన్నాడు: "తేడా లేదు. బండి బాగా మైలేజీ ఇస్తోందనుకున్నాను."

తర్వాత అతను కుర్చీలో వెనక్కి వాలి, ఆ పెద్దాయన్ని పిలవమన్నాడు. కొత్తావిడని తీసెయ్యలేననీ, మధ్యాహ్నం ట్రిప్పుకి ఎలాగూ మనిషి కావాలనీ, పెద్దాయన వస్తే తనే ఎదురెళ్ళి మాట్లాడతాననీ చెప్పాడు. మేస్త్రీ దండం పెట్టి చక్రం జేబులో వేసుకున్నాడు. వీధిలోకి వచ్చాక కూడా అతనికి ఒకటే ప్రశ్న. చెయ్యని తప్పు బావ ఎందుకు నెత్తిన వేసుకున్నట్టు?

బావ ఇల్లు మూడో అంతస్తులో, మెట్లకి ఆనుకుని ఉన్న రెండు గదులు. రెండో అంతస్తు దాటేసరికే కుట్టుమిషను చప్పుడు వినిపించింది. తలుపు తీసింది అక్కయ్య. బావకి భార్య గనక మేస్త్రీకి అక్క. ఆవిడ కూడా మొదట్నుంచీ 'తమ్ముడూ' అనే పిలుస్తుంది.

"రా తమ్ముడూ. మీ బావ ఇంట్లోనే ఉన్నారు. ఈమధ్య ఇంట్లోనే ఉంటున్నారు, చూసి తరిద్దువుగాని," అంది. ఆ మాటలో వెటకారం మేస్త్రీకి కొత్తగా అనిపించింది.

లోపల కిటికీ పక్కన బావ చాప మీద కూర్చుని ఒక చిన్నపిల్ల గౌనుకి బొత్తాలు కుడుతున్నాడు. సూదిని స్టీరింగు పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకున్నాడు. పక్కన ఒక నోటుపుస్తకం, దాని మధ్యలో పెన్సిలు. మేస్త్రీని చూసి ఆయన మొహం వెలిగింది, వెంటనే నోటుపుస్తకం మూసి చాప కిందికి నెట్టాడు.

"నువ్వైనా అడుగు తమ్ముడూ," అంది అక్కయ్య మిషను ముందు కూర్చుంటూ. "రోజూ ఆరు కిలోమీటర్లు ఎవరింటికెళ్ళేవారో నీకైనా చెప్తారేమో. ఈ వీధిలో అందరూ తలో పేరూ చెప్తున్నారు. ముప్పై నాలుగేళ్ళ కాపురం. ఒక్క మాట అడిగితే గోడకేసి చూస్తారు. లేదని కూడా అనరు. లేదంటే నమ్మేదాన్ని."

బావ బొత్తం వైపు చూస్తూ ఉండిపోయాడు.

మేస్త్రీ చాప మీద ఆయన ఎదురుగా కూర్చుని, జేబులోంచి చక్రం తీసి ఆయన అరచేతిలో పెట్టాడు. "ఇది లెక్కపెట్టు బావా."

బావ కళ్ళజోడు సర్దుకుని, గోరుతో ఒక్కో పన్నూ లెక్కపెట్టాడు. పెదాలు కదిలాయి. ఆగాడు. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాడు. తర్వాత చక్రాన్ని మేస్త్రీకే తిరిగిచ్చాడు. "పదహారొచ్చింది. నువ్వు లెక్కపెట్టు. నా లెక్క ఎందుకులే."

"నీ లెక్క సరిగానే ఉంది. పదహారే. పదిహేడుండాలి. తప్పు చక్రం వేసింది నేను. మారుస్తాననుకుని మర్చిపోయింది నేను. నువ్వొచ్చి అడిగితే నవ్వులాట చేసింది కూడా నేనే." మేస్త్రీ ఊపిరి పీల్చుకున్నాడు. "నువ్వు ఎక్కడికీ వెళ్ళలేదు బావా. నలభై ఎనిమిదే నడిపావు. నలభై ఎనిమిదికి నా చక్రం యాభై ఒకటి చూపించింది."

మిషను చప్పుడు ఆగిపోయింది.

బావ సూదిని గౌనులో గుచ్చి, గౌను మడిచి పక్కన పెట్టాడు. "ఎక్కడికీ వెళ్ళలేదంటావు," అన్నాడు చివరికి, అడుగుతున్నట్టు కాకుండా, కొత్త మాటని నోట్లో పెట్టి చూసుకుంటున్నట్టు.

"మరి వెళ్ళానని ఎందుకు ఒప్పుకున్నావు?"

"వెళ్ళాననే అనుకున్నాను మేస్త్రీ. మీటరు యాభై ఒకటి అంటోంది. గడియారం చూస్తే మూడు నిమిషాలు ఎక్కువ. నాకేమో ఎక్కడా ఆగినట్టు గుర్తులేదు. నీ దగ్గరికొస్తే తేడా నాలోనే ఉందన్నావు." ఆయన గొంతులో నిష్ఠూరం లేదు, అదే మేస్త్రీని ఎక్కువ బాధపెట్టింది. "మా నాన్న చివర్రోజుల్లో మా ఇంటి గుమ్మంలోనే నిలబడి, మా ఇల్లెక్కడ బాబూ అని నన్నే అడిగేవాడు. నాకూ మొదలైందనుకున్నాను. ఎక్కడో తప్పు మలుపు తిరిగి, చుట్టూ తిరిగొచ్చి, తిరిగిన సంగతే మర్చిపోతున్నాననుకున్నాను. ఆ మాట మేనేజరుతో అంటే ఇంటికి చేరుతుంది. దొంగననిపించుకుంటే కోప్పడతారు. మతి పోయిందంటే దీనికి రాత్రిళ్ళు నిద్రుండదు."

అక్కయ్య మిషను ముందునుంచి లేచింది. బావ చాప కింద దాచిన నోటుపుస్తకం లాగి తెరిచింది. ప్రతి పేజీలోనూ ఒకే రకం రాతలు. 'ఏడుంబావుకి కాఫీ తాగాను. ఎనిమిదికి పాలప్యాకెట్టు తెచ్చాను, వీధి చివరి కొట్టు, ఎడమవైపు మలుపు. దారి గుర్తుంది. తొమ్మిదికి బొత్తాలు, పన్నెండు.' నెల రోజుల పాటు, రోజుకి రెండు పేజీల చొప్పున. ఆవిడ నాలుగు పేజీలు తిప్పేసరికి కళ్ళు నిండిపోయాయి.

"నేనిక్కడ మూడడుగుల దూరంలో కూర్చున్నాను. నాకు చెప్పడానికేమైంది మీకు?" అంది బావతో. తర్వాత మేస్త్రీ వైపు తిరిగింది. "నీకు చేతులెలా వచ్చాయి తమ్ముడూ? ఆయన నిన్ను దేవుడిలా నమ్మారు. నెల్లాళ్ళు నేనీయనకి కంచం విసురుగా పెట్టాను. ఆ అన్నం మళ్ళీ మర్యాదగా పెట్టగలనా?"

మేస్త్రీ తల దించుకున్నాడు. క్షమించమనడానికి కూడా అతనికి సిగ్గేసింది.

"పోనీలేవే. కావాలని చేశాడా?" అన్నాడు బావ.

"మీరు ఊరుకోండి," అని ఆవిడ మేస్త్రీ చేతిలోంచి చక్రం లాక్కుని, తనూ ఒకసారి లెక్కపెట్టి, బొత్తాల డబ్బాలో వేసి మూత బిగించింది. "ఇది నా దగ్గరే ఉంటుంది. వీధిలో ఎవరైనా నోరెత్తితే పళ్ళు లెక్కపెట్టి మరీ చూపిస్తాను."

అప్పుడు బావ నవ్వాడు. అసలైన నవ్వే. మేస్త్రీకి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. అంతా సర్దుకుందనే అనుకున్నాడు.

ఆ మర్నాడు మేనేజరు అన్నమాట ప్రకారం గేటుదాకా ఎదురొచ్చి, బావ చెయ్యి పట్టుకుని, తప్పయిపోయిందన్నాడు. బావ మొహమాటపడి, మీ తప్పేముంది సార్ అన్నాడు. డ్రైవరమ్మ తాళాలు తెచ్చి ఆయన చేతిలో పెట్టి, "పొద్దున నాది, మధ్యాహ్నం మీది. సీటు మాత్రం ముందుకి జరపకండి బాబాయ్, నాకు కాళ్ళు పట్టవు," అంది. బావ ఇంటి నుంచి తెచ్చుకున్న పసుపుగుడ్డతో అద్దం తుడిచి, నాలుగు మడతలు పెట్టి డాష్‌బోర్డు మీద పెట్టాడు. మొదటిరోజు తోడుగా వస్తానని మేస్త్రీ పక్కసీట్లో కూర్చున్నాడు. బావ వద్దనలేదు.

ఊరి వీధుల్లో బండి బాగానే నడిచింది. బైపాసు ఎక్కాక బావ ముల్లు అరవై మీదికి తెచ్చి, అక్కడ నిలిపాడు. మొదటి రాయి దగ్గర మేస్త్రీ పైకే చదివాడు. "ఒకటికి ఒకటి." రెండో రాయి. "రెండుకి రెండు." బావ తలూపుతూ వింటున్నాడు. ఐదో రాయి దాకా మేస్త్రీ పరీక్షలో పాసవుతున్న పిల్లాడిలా హుషారుగా అంకెలు చదివాడు. పదో రాయి కిటికీ పక్కనుంచి వెనక్కి పోతుండగా చివరి అంకె సరిగ్గా సున్నా మీద నిలబడింది.

"చూశావా బావా? వెంట్రుకవాసి తేడా లేదు."

"లేదు," అన్నాడు బావ.

పదో రాయి దాటాక రోడ్డు రెండుగా చీలుతుంది. ఎడమవైపు ఇటుకబట్టీలు, కుడివైపు బ్రాంచి. పదకొండేళ్ళు బావ రోజూ తిరిగిన మలుపు అది. బావ దూరం నుంచే వేగం తగ్గించడం మొదలుపెట్టాడు. యాభై, నలభై, ఇరవై. చీలిక దగ్గరికొచ్చేసరికి బండి దాదాపు ఆగిపోయింది. ఆయన చెయ్యి ఇండికేటరు మీదికెళ్ళింది, కానీ నొక్కలేదు. వెనక లారీవాడు హారను కొట్టాడు.

మేస్త్రీ ఆయన మొహంలోకి చూశాడు. నుదుటి మీద చెమట పట్టింది. కళ్ళు ముందు ఎడమ రోడ్డు మీదికి, తర్వాత కుడి రోడ్డు మీదికి వెళ్ళి, మళ్ళీ ఎడమకి వచ్చాయి.

"మేస్త్రీ," అన్నాడు బావ మెల్లగా. "కుడివైపే కదా?"

అంతకుముందైతే మేస్త్రీ నోట్లో పరాచికం రెడీగా ఉండేది. లారీవాడు మళ్ళీ హారను కొట్టాడు.

"కుడివైపే బావా. నీకు తెలుసు కదా."

"తెలుసనుకో. అయినా అడిగితే మంచిది కదా." బావ ఇండికేటరు వేశాడు. ఆయన మొహం తేటపడింది. "నువ్వు చెప్పావంటే ఇంక అందులో తేడా రాదు."

బండి కుడివైపుకి తిరిగింది. మేస్త్రీ కిటికీ అద్దం దించి, బయటికి చూస్తూ కూర్చున్నాడు. పదకొండో రాయి వచ్చింది, పోయింది. అతను అంకె చదవలేదు.